అమ్మేవాళ్లు ఎంచుకున్న రోజునే మనం ఎందుకు కొనాలి?

మొన్న ఒక ఐపీఓ (కంపెనీ షేర్లని మొదటిసారి జనానికి అమ్మకానికి పెట్టడం) గురించి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దమ్మ పేరు మీద డీమ్యాట్ (షేర్ల ఖాతా) ఉంది కదా, దాంట్లోంచి కూడా ఒక లాట్ (కనీసం కొనాల్సిన షేర్ల కట్ట) వేద్దాం. పాన్‌లు ఎన్ని ఎక్కువుంటే అలాట్‌మెంట్ వచ్చే ఛాన్స్ అంత పెరుగుతుంది" అన్నాడు. ఏ కంపెనీరా అంటే పేరు చెప్పాడు. అదేం చేస్తుందిరా అంటే, "టెక్ కంపెనీ అన్నా, జీఎంపీ బాగా నడుస్తోంది" అన్నాడు. జీఎంపీ అంటే గ్రే మార్కెట్ ప్రీమియం, షేరు ఎక్స్ఛేంజీలోకి రాకముందే అనధికారంగా ఇష్యూ ధర మీద పలికే అదనపు ధర. సరే, షేర్లు అమ్ముతున్నదెవరు అని అడిగాను. "అమ్మేదెవరేంటి, కంపెనీయే కదా" అన్నాడు.

వాడేమీ తెలియనివాడు కాదు. హైదరాబాద్‌లో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, కోడ్‌లో ఒక లైను తేడా వస్తే రాత్రంతా కూర్చుని పట్టుకుంటాడు. ఆ మధ్య ఊరిబయట ప్లాటు కొనేటప్పుడు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకి చూపించి, అమ్మేవాడికి ఇప్పుడు డబ్బు అవసరం ఎందుకొచ్చిందో కూడా ఆరా తీశాడు. అలాంటివాడు ఐపీఓ దగ్గరికొచ్చేసరికి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. లాట్ పదిహేను వేలే కదా అనొచ్చు. ఇంట్లో నలుగురి పేర్ల మీద, ఏడాదికి ఎన్నో ఇష్యూలకి వేస్తూ పోతే అది చిన్న మొత్తమేమీ కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టెక్ కంపెనీ నచ్చితే దాని షేర్లు కొనండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఐపీఓలో కొనకండి. పాత వాటాదారులు తమ షేర్లు అమ్మకూడని లాక్-ఇన్ గడువు తీరాక, కనీసం నాలుగు త్రైమాసికాల ఫలితాలు చూశాక కొనండి. ఐపీఓ ఎప్పుడు పెట్టాలి, ఎంత ధరకి పెట్టాలి అన్నవి రెండూ అమ్మేవాళ్లు నిర్ణయించుకున్నవే. మార్కెట్ ఊపులో ఉందని, ఇప్పుడైతే మంచి ధర పలుకుతుందని వాళ్లకి అనిపించిన రోజే అది మన ముందుకొస్తుంది. మార్కెట్ బాగోకపోతే ఇష్యూ వాయిదా వేసుకునే వీలు వాళ్లకుంది. మనకున్న వీలల్లా వేయాలా, మానాలా అన్నదే.

కవర్ పేజీ మీదే రాసి ఉంటుంది

2021 నవంబరులో వచ్చిన పేటీఎం ఇష్యూనే తీసుకుందాం. మొత్తం 18,300 కోట్లు. అప్పటికి దేశంలో అదే అతి పెద్ద ఐపీఓ. అందులో కంపెనీ కొత్తగా జారీ చేసిన షేర్ల విలువ 8,300 కోట్లు. మిగతా 10,000 కోట్లు ఆఫర్ ఫర్ సేల్, అంటే పాత వాటాదారులు తమ షేర్లను మనకి అమ్ముకోవడం. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా కంపెనీ వ్యాపారంలోకి వెళ్లదు. చైనాకి చెందిన యాంట్ గ్రూపు వాటా ఒక్కటే అందులో దాదాపు 4,700 కోట్లు. వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ అమ్మింది 400 కోట్లకి పైగా.

ఇదంతా ఎవరో తవ్వి తీసిన రహస్యం కాదు. ఇష్యూ వివరాలన్నీ ఇచ్చే ప్రాస్పెక్టస్ మొదటి పేజీల్లోనే ఉంటుంది. అమ్మే ప్రతి ఒక్కరి పేరు, ఎన్ని కోట్ల షేర్లు అమ్ముతున్నారు, ఒక్కో షేరు వాళ్లకి సగటున ఎంతకి పడింది అన్నది వరసగా పట్టికలో ఇస్తారు. నేను ఏ ఇష్యూ వచ్చినా ముందు ఆ పట్టికే తెరుస్తాను. కొన్ని కంపెనీల్లో ఆ సగటు ధర గడిలో రూపాయి కూడా ఉండదు, పైసలుంటాయి. ఇష్యూ ధర మాత్రం వందల్లో ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కంపెనీకి అద్దె కట్టే డబ్బు కూడా లేని రోజుల్లో నమ్మి పెట్టుబడి పెట్టినవాళ్లకి ఆ ప్రతిఫలం రావాల్సిందే. కాకపోతే ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం అంతా ఇప్పటికే ఇంకొకళ్లు నడిచేశారన్న సంగతి మనం గమనించాలి. మనకి మిగిలింది దాని తరవాతి దారి.

2020-21లో పేటీఎం ఆదాయం 2,802 కోట్లు, నష్టం 1,701 కోట్లు. ఇష్యూ ధర 2,150 రూపాయల దగ్గర కంపెనీ విలువ 1.39 లక్షల కోట్లు. నష్టాలు ఇంకా కొనసాగవచ్చని రిస్కుల అధ్యాయంలో వాళ్లే రాశారు. అయినా యాంకర్ ఇన్వెస్టర్ల (ఇష్యూ తెరవకముందే కొనే పెద్ద సంస్థల) జాబితాలో బ్లాక్‌రాక్, కెనడా పెన్షన్ ఫండ్, సింగపూర్ జీఐసీ లాంటి పేర్లు కనపడేసరికి "అంత పెద్దవాళ్లే కొంటున్నారు, వాళ్లకి తెలియదా?" అన్న ధైర్యం వచ్చింది మనవాళ్లకి. నవంబరు 18న షేరు 1,950 దగ్గర మొదలై ఆ రోజే 27 శాతం పడిపోయింది. ఆరు షేర్ల లాటుకి 12,900 కట్టినవాళ్ల చేతిలో సాయంత్రానికి మిగిలింది దాదాపు 9,400. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టాక, ఆ ఏడాది మే నెలలో అదే లాటు విలువ రెండు వేలలోపుకి దిగింది. ఆ తరవాత కోలుకుని 2024 చివరికి వెయ్యి రూపాయలు దాటింది. అప్పటికి కూడా అది ఇష్యూ ధరలో సగం దగ్గరే.

పెద్దవాళ్లకి తెలియదా అంటే, వాళ్లూ పొరపాటు పడతారు. వారెన్ బఫెట్ బెర్క్‌షైర్ హాత్‌వే 2018లోనే పేటీఎంలో పెట్టుబడి పెట్టింది. 2023 నవంబరులో మిగిలిన షేర్లన్నీ 877 రూపాయల దగ్గర నష్టానికి అమ్ముకుని వెళ్లిపోయింది. వాళ్లకి అది మొత్తం సంపదలో ఒక చిన్న గీత. అమ్మ పేరు మీద, నాన్న పేరు మీద అప్లై చేసిన ఇంటి సంగతి వేరు.

తేలిగ్గా దొరికింది అంటే

మావాడి లెక్క చాలామంది లెక్కే. "అన్నా, నేను ఏళ్లతరబడి ఉంచుకోవడానికి కొనట్లేదు. లిస్టింగ్ రోజు, ఎక్స్ఛేంజీలో షేరు మొదలవగానే అమ్మేస్తా. పది ఇష్యూలకి వేస్తే ఏడెనిమిదింట్లో లాభమే వస్తోంది." కొట్టిపారేయదగ్గ వాదన కాదిది. 2023 నవంబరులో టాటా టెక్నాలజీస్ 500 రూపాయలకి ఇచ్చిన షేరు 1,200 దగ్గర లిస్ట్ అయింది. 2021 జులైలో జొమాటో 76 రూపాయల షేరు 115 దగ్గర మొదలైంది. ఓలా ఎలక్ట్రిక్ 2024 ఆగస్టులో ఇష్యూ ధర 76 దగ్గరే చప్పగా లిస్ట్ అయినా, ఆ నెలలోనే రెట్టింపు దాటింది. వీటిలో దేన్ని ఎప్పుడు అమ్మినవాళ్లకైనా ఆ రోజుల్లో డబ్బులొచ్చాయి.

కానీ ఈ లెక్కలో ఒక సంగతి మరిచిపోతాం. బాగా డిమాండ్ ఉన్న ఇష్యూలో మనకి షేర్లు దొరకవు. టాటా టెక్నాలజీస్‌కి రిటైల్ భాగంలోనే, అంటే చిన్న ఇన్వెస్టర్లకి కేటాయించినదాంట్లోనే, పదహారు రెట్ల దరఖాస్తులొచ్చాయి. లాటరీలో పేరు వస్తే ఒక్క లాట్, లేకపోతే డబ్బు వెనక్కి. జొమాటో రిటైల్ భాగానికి ఏడు రెట్లకి పైగా వచ్చాయి. పేటీఎం రిటైల్ భాగం నిండింది 1.66 రెట్లే. అంటే వేసినవాళ్లలో చాలామందికి అందింది. లాభం వచ్చే చోట మనకి అందదు, నష్టం వచ్చే చోట అడిగినంతా చేతిలో పడుతుంది. పదింట్లో ఏడెనిమిది లాభం అనే లెక్క అన్నిట్లోనూ సమానంగా అలాట్‌మెంట్ వస్తేనే నిజం. కెవిన్ రాక్ అనే ఆర్థికవేత్త 1986లోనే ఇది వివరించాడు. సంగతి తెలిసినవాళ్లు మంచి ఇష్యూల మీదే ఎగబడతారు కాబట్టి, తెలియనివాళ్లకి వాళ్లు వద్దనుకున్నవే ఎక్కువగా దక్కుతాయని.

ఇంకో విషయం. లాభాల చరిత్ర లేని కంపెనీ ఐపీఓకి వస్తే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం కనీసం 75 శాతం సంస్థాగత ఇన్వెస్టర్లకే కేటాయించాలి. రిటైల్‌కి 10 శాతం మించకూడదు. లాభాల్లో ఉన్న కంపెనీలకైతే రిటైల్ వాటా 35 శాతం. చిన్నవాళ్లు దీనికి కాస్త దూరంగా ఉండండి అని నియంత్రణ సంస్థ పెట్టిన జాగ్రత్త అది. వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి అదే "రిటైల్‌కి పది శాతమే ఉంది, త్వరగా వేయండి" అయిపోతుంది. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా బాధేస్తుంది. కాపాడ్డానికి పెట్టిన కంచెని చూసి, లోపల ఏదో విలువైనది ఉందనుకుని దూకుతున్నాం.

లిస్టింగ్ రోజు అమ్మేస్తాం అన్న మాట కూడా సగమే నిజం. 2021 ఏప్రిల్ నుంచి 2023 డిసెంబరు దాకా వచ్చిన 144 ఐపీఓల మీద సెబీ చేసిన అధ్యయనం 2024 సెప్టెంబరులో బయటికొచ్చింది. వ్యక్తిగత ఇన్వెస్టర్లు తమకొచ్చిన షేర్లలో విలువ ప్రకారం సగం వారంలోపే అమ్మేశారు. అది అందరూ చెప్పుకున్న అంకె. నన్ను ఆపింది ఇంకో అంకె. 20 శాతం కంటే ఎక్కువ లాభం వచ్చిన వాటిలో 67.6 శాతం షేర్లు వారంలో అమ్మేసినవాళ్లు, నష్టం వచ్చిన వాటిలో అమ్మింది 23.3 శాతమే. లాభం వస్తే లిస్టింగ్ గెయిన్స్, నష్టం వస్తే లాంగ్ టర్మ్. బాగున్న షేరు చేతిలోంచి పోతుంది, బాగోలేనిది ఏళ్లతరబడి ఇంట్లో ఉండిపోతుంది. వేసేముందు ఎవరూ ఇలా చేద్దామని అనుకోరు. అయినా డీమ్యాట్ తెరిచి చూసుకుంటే మిగిలినవి అవే.

రెండేళ్లు ఆగినవాళ్లకి ఏం పోయింది?

"ఆగితే రైలు వెళ్లిపోతుంది" అన్నది అందరికీ ఉండే భయం. ఈ భయానికి సరైన పరీక్ష జొమాటోయే, ఎందుకంటే అది నిజంగానే గొప్పగా ఎదిగిన కంపెనీ.

76 రూపాయల ఇష్యూ. మొదటి రోజే 120 దాటింది, నాలుగు నెలల్లో 160 కూడా దాటింది. ఐపీఓలో అందక లిస్టింగ్ తరవాత ఎగబడి కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. సరిగ్గా ఏడాదికి, 2022 జులైలో, పాత వాటాదారుల లాక్-ఇన్ గడువు తీరింది. కంపెనీ షేర్లలో మూడొంతులకి పైగా ఒక్కసారిగా అమ్ముకునే వీలు వచ్చింది. ఆ వారంలోనే షేరు 41 రూపాయల దగ్గరికి పడింది. వారం తిరక్కుండా ఊబర్ తన 7.8 శాతం వాటాని 50 రూపాయల చొప్పున అమ్మేసి బయటపడింది. ఆ తేదీ ఎప్పుడొస్తుందో లిస్టింగ్ రోజే అందరికీ తెలుసు. క్యాలెండర్‌లో రాసిపెట్టుకోదగ్గ సంగతి అది.

ఇక అంతకంటే జాగ్రత్తపరులెవరైనా "కంపెనీ మొదటిసారి లాభం చూపించేదాకా నేను కొనను" అని పట్టుబట్టారనుకుందాం. 2023 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జొమాటోకి 2 కోట్ల లాభం వచ్చింది, ఆగస్టు మొదట్లో ఆ ఫలితాలు వచ్చాయి. మర్నాడు కూడా షేరు వంద రూపాయలలోపే ఉంది. రెండేళ్లు ఆగి, లాభం కళ్లారా చూసి కొన్నా, ఇష్యూ ధర కంటే ఎక్కువ పెట్టింది ఇరవై రూపాయల చిల్లర. 2024 డిసెంబరులో అదే షేరు 300 దాటింది. ఐపీఓలో కొని ఉంచుకున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువే వచ్చింది, కాదనను. కానీ 76 కాస్తా 41 అయిన రోజుల్లో అమ్మకుండా ఉండగలిగినవాళ్లు ఎందరు? ఆగినవాళ్లకి ఆ టెన్షన్ లేదు.

పైగా 2021లో కొన్నవాళ్లు కొన్నది భోజనం డెలివరీ కంపెనీని. షేరుని అంత పైకి లేపినదాంట్లో పెద్ద వాటా నిమిషాల్లో సరుకులు తెచ్చే బ్లింకిట్‌ది. దాన్ని కొంటున్నట్టు జొమాటో ప్రకటించింది 2022 జూన్‌లో. ఆ రోజు మార్కెట్‌కి ఆ నిర్ణయం నచ్చలేదు కూడా. టెక్ కంపెనీల విషయంలో ఇది మామూలే. ఐపీఓ నాడు అమ్మే కథ ఒకటి, మూడేళ్ల తరవాత డబ్బు తెచ్చే వ్యాపారం ఇంకొకటి. ఆగడం వల్ల దక్కేది ధర ఒక్కటే కాదు, ఏం కొంటున్నామో కొంచెం తెలుస్తుంది.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 2012 మేలో ఫేస్‌బుక్ 38 డాలర్లకి వచ్చింది. ఆగస్టులో మొదటి విడత లాక్-అప్ (అక్కడి లాక్-ఇన్) తీరింది, సెప్టెంబరు మొదట్లో 18 డాలర్ల కిందకి పడింది. మళ్లీ 38 చూడ్డానికి ఏడాదికి పైనే పట్టింది. ఫేస్‌బుక్‌ని నమ్మినవాళ్లు తప్పు నమ్మలేదు. ఏడాది పొడుగునా ఇష్యూ ధర కంటే తక్కువకి కొనుక్కునే వీలు మాత్రం ఎవరికైనా ఉంది.

ఇన్ఫోసిస్ మాటేమిటి, సత్యం మాటేమిటి

ఈ చర్చ ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు ఇన్ఫోసిస్ పేరెత్తుతారు. 1993లో 95 రూపాయలకి కొన్నవాళ్లు ఇవాళ ఎక్కడున్నారో చూడండి అంటారు. నిజమే. కానీ ఆ ఇష్యూకి సరిపడా దరఖాస్తులు రాలేదన్నది గుర్తుంచుకోవాలి. మోర్గాన్ స్టాన్లీ ముందుకొచ్చి 13 శాతం వాటా తీసుకుంటే గట్టెక్కింది. అంటే ఆ రోజుల్లో జీఎంపీ లాంటి కొలత చూసేవాళ్లెవరూ దాన్ని కొనేవాళ్లు కాదు. రెండోది, అప్పటికి ఇన్ఫోసిస్ చిన్న కంపెనీ, లాభాల్లో ఉంది, ఎదుగుదల దాదాపు అంతా ముందుంది. ఈనాటి టెక్ కంపెనీలు విడతలు విడతలుగా ప్రైవేటు పెట్టుబడులు తీసుకుని, వేల కోట్లో లక్ష కోట్లో విలువ కట్టించుకున్నాక మార్కెట్‌కి వస్తున్నాయి. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఇన్ఫోసిస్‌లో సంపద వచ్చింది దశాబ్దాలు పట్టుకున్నందుకు. లిస్టింగ్ రోజు 145కి కొన్నవాళ్లకీ, ఆ తరవాత ఏళ్లలో కొన్నవాళ్లకీ వచ్చింది. వారంలో అమ్మేద్దామనుకునే అప్లికేషన్‌కి ఆ కథ సాక్ష్యం కాదు.

నన్ను అసలు ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇన్ఫోసిస్ కాదు, సత్యం. నాలుగు త్రైమాసికాలు చూసి కొనమంటున్నాను కదా, సత్యం కంప్యూటర్స్ ఎన్ని త్రైమాసికాలు మంచి ఫలితాలు చూపించింది! న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో లిస్ట్ అయింది, పేరున్న ఆడిటర్లు సంతకాలు పెట్టారు. 2009 జనవరి 7న సత్యం అధినేత రామలింగరాజు ఒప్పుకోలు లేఖ బయటికొచ్చేదాకా, పుస్తకాల్లో ఉన్న 5,040 కోట్ల నగదు అసలు లేనే లేదని బయటివాళ్లెవరికీ తెలియలేదు. ఒక్క రోజులో షేరు 179 నుంచి 40కి పడింది. ఎన్నేళ్లు ఆగినా, ఎన్ని పట్టికలు చదివినా అలాంటిదాన్నుంచి తప్పించుకోలేం. నా దగ్గర దీనికి పూర్తి సమాధానం లేదు. ఒకే కంపెనీలో అంతా పెట్టకూడదన్న పాత మాట తప్ప ఏమీ చెప్పలేను. ఆగడం వల్ల అబద్ధాలన్నీ బయటపడతాయని నేననను. తేదీలు తెలిసిన నష్టాల్ని, రాసిపెట్టి ఉన్న సమాచారాన్ని చూడకపోవడం వల్ల వచ్చే నష్టాల్ని అది తప్పిస్తుంది. పేటీఎంలో జరిగింది, జొమాటోలో 2022లో జరిగింది అలాంటివే.

అమ్మేవాళ్లని దొంగలని కూడా నేననడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఒక స్టార్టప్‌లో తొలినాళ్ల నుంచీ పనిచేశారు. మార్కెట్ కంటే తక్కువ జీతం, మిగతాది షేర్ల రూపంలో. కంపెనీ లిస్ట్ అయ్యాక వీలు దొరగ్గానే అమ్మి ఇంటి లోన్ మొత్తం తీర్చేశారు. "ఇంకా పెరుగుతుందేమో ఉంచకపోయారా" అని అడిగితే, "నా జీతం, నా షేర్లు అన్నీ ఒకే కంపెనీలో ఉంటే ఎలా అండీ?" అన్నారు. అంతకంటే సబబైన నిర్ణయం లేదు. కంపెనీని లోపల్నుంచి చూసిన మనిషి తనకి ఏది మంచిదో ఆలోచించుకుని అమ్మారు. ఆ షేర్లు కొన్నవాళ్లు కూడా అంతే శ్రద్ధగా ఆలోచించుకుని ఉండాల్సింది.

అప్లై చేసే స్క్రీను మీద

ఈ పని అంతా ఇన్వెస్టర్ మీదకే తోసేయడం కూడా సరికాదు. 2021 ఆగస్టులో సెబీ ప్రమోటర్లు (కంపెనీని నడిపించే యజమానులు) కాని పాత వాటాదారుల లాక్-ఇన్‌ని ఏడాది నుంచి ఆరు నెలలకి తగ్గించింది. అంటే బయటికి వెళ్లే తలుపు వాళ్లకి ఇంకా ముందే తెరుచుకుంటుంది. నష్టాల్లో ఉన్న కంపెనీల వరకైనా దాన్ని మళ్లీ ఏడాది చేయాలని నేను కోరుకుంటాను. 2022లో సెబీ ఒక మంచి పని కూడా చేసింది. గతంలో షేర్లు ఏ ధరకి చేతులు మారాయో, ఇష్యూ ధరని ఏ కొలమానాల మీద సమర్థించుకుంటున్నారో ప్రాస్పెక్టస్‌లో తప్పనిసరిగా చెప్పమంది. చెబుతున్నారు, వందల పేజీల పత్రంలో.

మావాడు అప్లై చేసే యాప్ నేను చూశాను. ధరల శ్రేణి ఉంది, లాట్ సైజు ఉంది, ఎన్ని రెట్లు నిండిందో ప్రతి కొద్దిసేపటికీ మారుతూ కనిపిస్తుంది, కటాఫ్ ధర (చివరికి ఖరారయ్యే ధర) అని ఒక టిక్కు ఉంది, ఆ తరవాత యూపీఐ మాండేట్, పిన్. నిమిషంలో పని అయిపోతుంది. ఆ స్క్రీను మీదే, పిన్ కొట్టే ముందు, నాలుగు లైన్లు తప్పనిసరి చేయాలి. మీరు పెట్టే ప్రతి వంద రూపాయల్లో కంపెనీకి వెళ్లేది ఎంత, పాత వాటాదారులకి వెళ్లేది ఎంత. వాళ్లకి ఆ షేరు సగటున ఎంతకి పడింది. గత మూడేళ్ల లాభనష్టాలు. లాక్-ఇన్ తీరే తేదీ. పేటీఎం ఇష్యూలో మొదటి లైనుకి జవాబు కంపెనీకి 45 రూపాయలు, పాత వాటాదారులకి 55 అని వచ్చేది. అది చూశాక కూడా వేస్తామనేవాళ్లు వేయొచ్చు, అది వాళ్ల డబ్బు. యాంకర్ల జాబితా, సబ్‌స్క్రిప్షన్ రెట్లు అంత ప్రముఖంగా చూపించడానికి బ్రోకర్లకి వీలవుతున్నప్పుడు, ఈ నాలుగు లైన్లు పెట్టడానికి వీలు కాదంటే నేను ఒప్పుకోను.